పదిహేనో ఏడు

మిరపకాయలు ఎర్రబారే రోజుల్లోనే పదో తరగతి పరీక్షలూ వస్తాయి. ముప్పాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళలో కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ వెంట బడిలో ఉండాల్సిన ఆడపిల్లలూ కనిపిస్తారు. కూలి డబ్బులు ఆ వారమే చేతికొస్తాయి. చదువు ఫలితం ఎప్పటికో. పది పాసయ్యాక దూరాన కాలేజీ, దగ్గర్లో పెళ్ళి. ఈ వయసు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఎ. లలిత గుర్తొస్తారు.

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి. 1937లో భర్త పోయేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు, చేతిలో నాలుగు నెలల పాప. తిరిగి చదువుకుని 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ శాఖలో చేరారు. ఆమె వెనకే లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ శాఖలో చేరారు. పట్టాలో 'అతడు' అని అచ్చయిన చోట కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది. తర్వాత లలిత భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు.

ఈ కథని మనం 'పట్టుదల' అనే ఒక్క మాటతో ముగించేస్తుంటాం. కానీ లలిత తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ప్రొఫెసర్. ప్రిన్సిపాల్‌తో, విద్యాశాఖ డైరెక్టర్‌తో మాట్లాడి తలుపు తీయించింది ఆయనే. లలిత ప్రతిభ తక్కువైందని కాదు. అంత ప్రతిభకూ లోపలినుంచి తలుపు తీసే మనిషి ఒకరు కావలసి వచ్చిందని. మరి మిరపచేలో తల్లి పక్కన వంగిన పిల్లకి ఎవరున్నారు?

2008లో వచ్చిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నేను ఈ ప్రశ్నకు ఒక జవాబుగా చూస్తాను. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పది పాసైన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ళ చదువు, అక్కడే వసతి. కోచింగ్ కొనుక్కోగలిగిన వాళ్ళకే దక్కే ఎంట్రన్సు కాకుండా పదో తరగతి ఫలితమే ఆధారం. వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లలకు గ్రేడు పాయింట్ల మీద 0.4 కలిపారు. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ సగానికి పైగా సీట్లు అమ్మాయిలవే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇంటరు అయ్యాక "ఇక చాల్లే" అనే మాటకు ఆ ఆరేళ్ళు చోటివ్వవు.

అయినా నాకొక అసంతృప్తి ఉంది. 0.4 బడిలో లేని ప్రయోగశాలకు పరిహారమే కానీ ప్రయోగశాల కాదు. ఎంపికైన ఒక్క పిల్ల ఫోటో పేపర్లో వస్తుంది. మిగిలిన తరగతి చేనుకి వెళుతుంది.

75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు భాగాలు తయారుచేసిన ఆజాదీశాట్ ఉపగ్రహం 2022 ఆగస్టులో సరైన కక్ష్యకు చేరలేదు. 2023 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే రెండోది పంపారు, అది చేరింది. విఫలమైన ప్రయోగాన్ని మళ్ళీ చేయడం సైన్సులో మామూలు సంగతి. కోతల నెలలో పరీక్ష పోగొట్టుకున్న పిల్లకి మాత్రం ఆ 'మళ్ళీ' దొరకడం లేదు. లలితకు అది దొరికింది, పెళ్ళీ వైధవ్యమూ బిడ్డా అన్నీ అయిపోయాక కూడా. మనం తవ్వి తీసే స్త్రీల చరిత్రలో తొలి మహిళల పేర్లతో పాటు వాళ్ళకి ఆ రెండో అవకాశం ఎవరిచ్చారో కూడా రాయాలి. అది తెలిస్తేనే మిగిలిన వాళ్ళ కోసం ఎవరిని అడగాలో తెలుస్తుంది.