మశూచిని ఊరూరా వెతికి పట్టిన కథ

మీ ఇంట్లో 1970కి ముందు పుట్టిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ చేతులు ఒకసారి గమనించండి. చాలామందికి భుజం కిందనో, మోచేతి కిందనో పావలా బిళ్ళంత గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. అవి మశూచి టీకా గుర్తులు. మీ చేతికి ఆ మచ్చలు లేవు. (మీ ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉంటే అది క్షయ కోసం వేసిన బి.సి.జి. టీకాది.) మీకు మశూచి టీకా ఎందుకు వేయలేదు? ఆ జబ్బు ఇప్పుడు భూమ్మీద లేదు కనుక!

మన పల్లెల్లో మశూచిని 'పెద్దమ్మవారు' అనేవారు. జబ్బు సోకిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. టీకా వేయించుకోని వారిలో జబ్బు పడిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి ముఖం నిండా గుంటలు మిగిలేవి. కొందరికి చూపు పోయేది.

దీనికి టీకాను ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ప్రయోగించి చూపాడు. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు వేశారు. కాని మశూచి మన దేశాన్ని వదిలింది 1975లో. అంటే టీకా చేతికొచ్చిన 173 ఏళ్ళకు! ఇంత ఆలస్యం ఎందుకయింది?

లెక్కలు పెరిగాయి, జబ్బు ఆగలేదు

మొదట్లో టీకా పదార్థాన్ని ఒకరి చేతి పొక్కు నుంచి తీసి మరొకరి చేతికి ఎక్కించేవారు. జనం భయపడేవారు. తరువాత దూడల చర్మం మీద పెంచి తయారుచేశారు. ఆ ద్రవం మన ఎండలకు త్వరగా చెడిపోయేది.

1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. జనాభాలో 80 శాతం మందికి టీకా వేస్తే జబ్బు ఆగిపోతుందని అనుకున్నారు. కోట్ల టీకాలు వేశారు. అయినా ఆగలేదు. కారణం ఊహించగలరా? బడిపిల్లలు ఒక్కచోటే దొరుకుతారు కనుక వాళ్ళకే మళ్ళీ మళ్ళీ వేసి లెక్క పూర్తిచేసిన చోట్లు ఎన్నో. పసిబిడ్డలు, వలస కూలీలు, ఊరూరా తిరిగి బతికేవాళ్ళు మిగిలిపోయారు. మశూచి సరిగ్గా వాళ్ళ దగ్గరే బతికింది.

ఈలోగా రెండు సాధనాలు అందుబాటులోకి వచ్చాయి. ఒకటి, ఎండకు తట్టుకునే పొడి టీకా. మన దేశంలో దీన్ని తయారుచేసిన సంస్థలలో హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రెండవది, రెండు మొనల సూది. మొనల మధ్య నిలిచిన చిన్న బొట్టుతో చర్మం మీద 15 సార్లు పొడిస్తే చాలు. కొద్దిసేపట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు.

శత్రువు బలహీనత

మశూచి వైరస్‌కు కొన్ని బలహీనతలున్నాయి. అది మనిషిలో తప్ప మరే ప్రాణిలోనూ నిలవదు. అది సోకితే పొక్కులు బయటికి కనిపిస్తాయి. పైగా వైరస్ సోకాక జ్వరం రావడానికి సుమారు 12 రోజులు పడుతుంది. సోకిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే చాలావరకు రక్షణ దొరుకుతుంది. కనుక రోగిని త్వరగా కనిపెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ టీకా వేస్తే వైరస్‌కు తరువాతి మనిషి దొరకడు! 1966 చివర తూర్పు నైజీరియాలో టీకా తక్కువైనప్పుడు డాక్టర్ విలియం ఫేగీ బృందం ఈ పద్ధతితో జబ్బును అదుపు చేసింది.

1973లో మన దేశంలోనూ ఇదే మార్గం పట్టారు. లక్షకు పైగా ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. చేతిలో మశూచి సోకిన పాప బొమ్మ ఉన్న అట్ట. "ఇలాంటి పొక్కులు ఎవరికైనా వచ్చాయా?" అని సంతల్లో, టీ కొట్ల దగ్గర, బడుల్లో అడిగారు. బాగా ఉపయోగపడిన సమాచారం ఎవరిచ్చారో తెలుసా? మీలాంటి బడిపిల్లలే! ఏ వీధిలో ఎవరికి జబ్బు చేసిందో పిల్లలకు తెలియకుండా ఉంటుందా?

అంతవరకు లెక్కకు రాని కేసులు వేల సంఖ్యలో బయటపడ్డాయి. అధికారులకు భయపడి కేసులు దాచిన చోట్లు కూడా ఉన్నాయి. అందుకే కేసు చూపినవారికి బహుమతి పెట్టారు. 1975 నాటికి అది వెయ్యి రూపాయలు! రోగి ఇంటి ముందు రాత్రింబవళ్ళు కాపలా పెట్టారు.

1974లో మన దేశంలో 1,88,003 మందికి మశూచి సోకింది, 31,262 మంది చనిపోయారు. బీహారు ఎక్కువగా దెబ్బతింది. మరుసటి ఏడాది మే 24న అస్సాంలోని కరీంగంజ్‌లో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక బిచ్చగత్తెలో కనిపించినదే మన దేశంలో చివరి కేసు. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచమంతా మశూచి పోయిందని ప్రకటించింది.

మరచిపోకూడని మాట

ఈ విజయంలో ఒక మచ్చ కూడా ఉంది. తొందరలో కొన్నిచోట్ల రాత్రివేళ ఇళ్ళలోకి చొరబడి, బలవంతంగా పట్టుకుని టీకాలు వేశారు. అలా వేసిన టీకా జబ్బును ఆపవచ్చు. కాని మరుసటిసారి తలుపు తట్టిన కార్యకర్తను ఆ ఇంటివాళ్ళు నమ్ముతారా?

పోలియో విషయంలో నమ్మకమే కీలకమయింది. పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాళ్ళూ చేతులూ పడిపోతాయి. మిగతావాళ్ళలో పైకి తెలియదు. రోగిని వెతికి పట్టడం చాలదు, ప్రతి బిడ్డకూ చుక్కలు అందాలి. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని కుటుంబాలు అనుమానంతో వద్దన్నప్పుడు, అదే వాడకు చెందిన మహిళలు వెళ్ళి కూర్చుని మాట్లాడి ఒప్పించారు. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న ధ్రువపత్రం వచ్చింది.

ఇప్పుడు తట్టు సంగతి చూడండి. అది మశూచి కంటే వేగంగా వ్యాపిస్తుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు మోతాదుల టీకా అందాలి. మిగిలిపోయే పిల్లలు ఎవరు? ఇటుక బట్టీల దగ్గర, కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్ళు, నిన్ననే ఊరు మారినవాళ్ళు. వాళ్ళు జిల్లా కార్యాలయంలోని కాగితాలకు కనిపించకపోవచ్చు, మీ కళ్ళకు కనిపిస్తారు.

కనుక ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో అయిదేళ్ళలోపు పిల్లలెందరో, వాళ్ళకు టీకా కార్డులున్నాయో లేదో అడిగి తెలుసుకోండి. లేనివాళ్ళ గురించి మీ ఆశా కార్యకర్తకు చెప్పండి. ఎవరైనా భయపడితే ఎగతాళి చేయకండి, ఎందుకు భయమో వినండి. ఆ తరువాత మీ ఇంటి పెద్దల చేతిమీది మచ్చ చూపించి, ఈ కథ చెప్పండి.