పథ్యంతో పుట్టిన టీకా

టీకా చరిత్రను 1796 మే 14న ఇంగ్లండులోని బర్క్‌లీ అనే చిన్న పట్టణంలో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్ చేతికి గోమశూచి రసాన్ని అంటించిన ఘట్టంతో మొదలుపెట్టడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. ఆ ఘట్టం ప్రాముఖ్యాన్ని ఎవరూ కాదనలేరు గాని, అంతకు ముందే చైనాలోనూ, బెంగాల్‌లోనూ, ఉస్మానియా తురుష్క సామ్రాజ్యంలోనూ, ఆఫ్రికాలోని కొన్ని ప్రాంతాల్లోనూ జనం మశూచిని మశూచితోనే ఎదుర్కోవడం నేర్చుకున్నారు. రోగి పొక్కుల నుంచి తీసిన చీమునో, ఎండిన పెచ్చులనో ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరంలోకి కావాలని ఎక్కించి, తేలికపాటి వ్యాధిని తెప్పించి, ఆ తర్వాత జీవితాంతం దాని బెడద లేకుండా చేయడం ఆ పద్ధతి సారాంశం. జెన్నర్ పద్ధతి నుంచి వేరు చేయడానికి దీన్ని ఇక్కడ పాత టీకా అని వ్యవహరించవచ్చు. ఈ పాత టీకా ఒంటరిగా నడిచింది తక్కువ. టీకాకు ముందు ఎన్నాళ్ళు ఏవి మానాలి, జ్వరం వచ్చాక ఏమి తాగాలి, పొక్కులు రాలేదాకా వంటింట్లో ఏవి వండకూడదు అన్న నియమాలు దాని వెంటే ఉండేవి. టీకా చరిత్రలు సూదికి ఇచ్చిన చోటు విస్తరికి ఇవ్వకపోవడం వల్ల, ఆనాటి జనం చికిత్సగా భావించినదానిలో సగం నేటి పాఠకుడి కంటికి కనబడకుండా పోయింది.

మశూచి తీవ్రరూపం సోకినవారిలో పదిమందికి సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికి బయటపడినవారికి ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు మిగిలేవి, కొందరికి చూపు పోయేది. మాధవకరుడు రచించిన మాధవనిదానం ఈ వ్యాధిని మసూరిక అనే పేరుతో విడిగా వర్ణించింది. టీకా కూడా ప్రాచీన ఆయుర్వేదంలోనే ఉందనే వాదం తరచు వినిపిస్తుంది గాని, చరక సుశ్రుత సంహితల్లో అటువంటి ప్రక్రియ కనిపించదు. భారతదేశానికి సంబంధించి దాని స్పష్టమైన వర్ణనలు పద్దెనిమిదో శతాబ్దపు బెంగాల్ నుంచి వచ్చినవి. వాటిని 1971లో చరిత్రకారుడు ధరంపాల్ తన సంకలనంలో తిరిగి ప్రచురించడంతో అవి నేటి పాఠకులకు సులభంగా అందుబాటులోకి వచ్చాయి.

ఆ వర్ణనల్లో ఒకటి 1731 ఫిబ్రవరిలో కలకత్తా నుంచి డాక్టర్ ఆలివర్ కూల్ట్ పేర రాసిన లేఖ. అందులో చెప్పిన ప్రకారం టీకా వేసేవారు సూదితో చీమును తీసి, భుజం కండరం కింద గాని, ఒక్కోసారి నుదుట గాని గాట్లు పొడిచి, ఆ చోటును ఉడికించిన అన్నంతో చేసిన ముద్దతో కప్పేవారు. టీకా త్వరగా పని చేయాలనుకున్నప్పుడు ఆ చీమునే కొంచెం అన్నంలో కలిపి, చిన్న ఉండ చేసి మింగించేవారు. జ్వరం రాకముందు శరీరాన్ని వీలైనంత చల్లగా ఉంచేవారని, తరచు చన్నీటి స్నానం చేయించేవారని కూడా ఆ లేఖ చెబుతుంది. గాయానికి కట్టుగానూ, మందుకు అనుపానంగానూ అన్నమే పనికి రావడం, వరి తినే నేలలో వైద్యం వంటింటికి ఎంత చేరువగా ఉండేదో తెలియజేస్తుంది.

దీనికంటే విపులమైనది జాన్ జెఫనయా హాల్వెల్ 1767లో లండన్ వైద్యుల సంఘానికి సమర్పించిన గ్రంథం. బెంగాల్‌లో చాలాకాలం పనిచేసిన హాల్వెల్, టీకా వేసే బ్రాహ్మణులు బృందావనం, ప్రయాగ, కాశీ వంటి చోట్ల నుంచి ముగ్గురు నలుగురు చొప్పున జట్లుగా బయలుదేరి, మశూచి విజృంభించే వేసవికి ముందే ఊళ్ళకు చేరుకునేవారని రాశాడు. టీకాదార్లు అని పిలిచే ఈ వృత్తివారిలో బ్రాహ్మణులే కాక పూలమాలలు కట్టే మాలాకారులు, మంగళ్ళు, ఇంకా ఇతర కులాలవారూ ఉండేవారని తరువాతి ఆధారాలు చూపుతున్నాయి కనుక, ఆ విషయంలో హాల్వెల్ మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు. ప్రక్రియను గురించి అతడు ఇచ్చిన వివరాలు మాత్రం ఎంతో విలువైనవి. టీకాదారు చర్మాన్ని పొడి గుడ్డతో కొన్ని నిమిషాలు రుద్ది, నెత్తురు కనిపించీ కనిపించనంత తేలికగా గాట్లు పెట్టి, అంతకు ముందటి ఏడు టీకా వేసుకున్నవారి పొక్కుల నుంచి సేకరించి దాచిన దూదిని రెండు మూడు చుక్కల గంగాజలంతో తడిపి, ఆ గాయం మీద ఉంచి కట్టు కట్టేవాడు. అప్పటికప్పుడు తీసిన చీమును గాని, సహజంగా వ్యాధి సోకిన రోగి నుంచి తీసినదాన్ని గాని వాడేవారు కారు.

ఇంత నేర్పుగల ప్రక్రియకు ముందు షరతు పథ్యమే. టీకాదార్లు వచ్చే కాలం తెలిసిన జనం, టీకా వేయించుకోవడానికి ముందు నెల రోజుల పాటు చేపలు, పాలు, నెయ్యి మానేసేవారు. టీకా తర్వాత మరో నెల అదే నియమం సాగేది. టీకా వేసిన మరునాటి ఉదయం నుంచి జ్వరం వచ్చేదాకా పూటపూటా కుండలకొద్దీ చన్నీళ్ళు తల మీది నుంచి పోసేవారు. జ్వరంలో ఆపి, పొక్కులు పైకి తేలాక మళ్ళీ మొదలుపెట్టేవారు. రోగిని గదిలో మూసిపెట్టడానికి ఒప్పుకునేవారు కారు. జ్వరం బాగా ఎక్కువైతే గుమ్మం దగ్గర చాప పరిచేవారు. తినడానికి అరటిపండ్లు, చెరకు, పుచ్చకాయలు, అన్నం, గసగసాల జావ. తాగడానికి చన్నీళ్ళు గాని పలుచని గంజి గాని ఇచ్చేవారు. ఈ నియమాలన్నీ పాటించినచోట పది లక్షల మందిలో ఒక్కరికి కూడా టీకా వికటించదన్నట్టు హాల్వెల్ చేసిన ప్రశంస అతిశయోక్తే అయినా, ఆ గాటునూ ఆ పథ్యాన్నీ అతడు విడదీయరాని ఒకే చికిత్సగా చూశాడన్నది గమనించదగిన సంగతి.

చేపలు, పాలు, నెయ్యి ఎందుకు మానాలన్న ప్రశ్నకు టీకాదార్లు చెప్పిన సమాధానాన్ని కూడా హాల్వెల్ నమోదు చేశాడు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు గాలిలో తేలుతూ ఉంటాయని, ఊపిరితో లోపలికి వెళ్ళినవి హాని చేయకుండానే బయటికి వస్తాయని, జిగురుగల ఆహారానికి అంటుకుని లోపలికి వెళ్ళినవి మాత్రం రక్తంలో చేరి వ్యాధిని కలిగిస్తాయని ఆ వివరణ సారాంశం. ఇందులో యూరపు ఆలోచనల నీడ పడి ఉండవచ్చు. అయినా, సూక్ష్మజీవ సిద్ధాంతాన్ని నిలబెట్టిన పాశ్చర్, కోక్‌లకు సుమారు శతాబ్దం ముందు, అంటువ్యాధికీ కనిపించని జీవికీ సంబంధాన్ని చెప్పే మాట ఒక పథ్య నియమానికి కారణంగా రావడం ఎంతో ఆలోచింపజేస్తుంది.

హాల్వెల్ గ్రంథం వెలువడిన 1767లోనే, ఇంగ్లండులో థామస్ డిమ్స్‌డేల్ అనే వైద్యుడు పాత టీకా గురించి మరొక గ్రంథం ప్రకటించాడు. మరుసటి ఏడు రష్యా మహారాణి రెండవ కేథరిన్‌కు టీకా వేసి జగత్ప్రసిద్ధుడైనది ఈ డిమ్స్‌డేలే. టీకాకు ముందు తొమ్మిది పది రోజుల పాటు మాంసం, మాంసపు రసం, వెన్న, చీజ్, మసాలా దినుసులు, పలుచని బీరు కొద్దిగా తప్ప మిగిలిన మద్యాలు మానాలని, వేడి చేసే గుణం ఉన్నది ఏదీ ముట్టరాదని, జావలు, సగ్గుబియ్యం, పాలు, పాలతో వండిన అన్నం, పండ్లు, కూరగాయలు తినాలని అతడు నిర్దేశించాడు. అంతకు ముందు టర్కీ నుంచి ఈ పద్ధతిని గురించి లండన్‌కు రాసిన ఇమ్మాన్యుయెల్ టిమోనీ కూడా మాంసాన్నీ, మాంసపు రసాన్నీ నిషేధించే ఆచారాన్ని పేర్కొన్నాడు.

ఈ జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. బెంగాల్ నిషేధించిన పాలను ఇంగ్లండు రోగికి హాయిగా తాగించింది. ఇంగ్లండు భయపడిన మసాలాలు బెంగాల్ జాబితాలో లేవు. పదార్థాలు ఇలా తారుమారైనా సూత్రం ఒక్కటే: ఒంటికి వేడి చేసేవి, బరువైనవి మానాలి; చలవ చేసేవి, తేలికైనవి తినాలి. దోషాల సమతౌల్యాన్ని బోధించిన ఆయుర్వేదానికీ, నాలుగు రసాల సిద్ధాంతాన్ని నమ్మిన గ్రీకు వైద్యానికీ, దాని నుంచి వచ్చిన యునానీకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. ఇంకొంచెం నిశితంగా చూస్తే, ప్రతి సమాజమూ నిషేధించినవి తన దగ్గర కలిగినింటి భోజనానికి గుర్తుగా నిలిచిన పదార్థాలే అని తెలుస్తుంది. బెంగాలీకి చేప, నెయ్యి. ఆంగ్లేయుడికి మాంసం, వెన్న, మద్యం. ప్రాణాపాయాన్ని కావాలని ఇంట్లోకి ఆహ్వానించే కుటుంబం, దానికి ముందు తనకు ప్రియమైనదాన్ని వదులుకోవడం వైద్యమూ అయింది, వ్రతమూ అయింది.

ఈ పథ్యానికి మశూచి వైరస్‌ను ఆపే శక్తి లేదు. పాత టీకా పని చేయడానికి అసలు కారణాలు వేరు: వ్యాధి శ్వాసమార్గం గుండా కాక చర్మం గుండా ప్రవేశించడం, గాటు లోతు లేకుండా ఉండడం, బెంగాల్ పద్ధతిలోనైతే ఏడాది పాటు నిలవ ఉన్న పదార్థంలో బతికున్న వైరస్ తగ్గిపోవడం. సహజంగా సోకిన మశూచితో పోలిస్తే టీకా వల్ల కలిగే మరణాలు ఎంతో తక్కువగా, నూటికి ఒకటి రెండు స్థాయిలో ఉండడానికి ఇవే కారణం. అయినా పథ్యాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తొందరపాటు. జ్వరంతో మాడే రోగికి గంజి, చన్నీళ్ళు, పుచ్చకాయ, గాలి అందించడం, అదే రోగిని దుప్పట్లు కప్పి, మంటలు వేసిన గదిలో ఉంచి, మద్యం తాగించిన పాత యూరపు పద్ధతి కంటే మేలైనదే. పదిహేడో శతాబ్దంలో ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఆ ఉష్ణ చికిత్సను ఖండించినా అది ఒక్కసారిగా పోలేదు. మరో వైపు, పథ్యం పేరిట అతి చేసిన ఉదాహరణలూ ఉన్నాయి. 1757లో బాలుడైన జెన్నర్‌కే పాత టీకా వేసినప్పుడు వారాల తరబడి నెత్తురు తీసి, విరేచనాలు చేయించి, శాకాహారంతో పస్తుంచి బక్కచిక్కేలా చేశారు. అతడు పెద్దయ్యాక కనిపెట్టిన టీకాకు అలాంటి ముందస్తు తయారీ ఏదీ అక్కరలేకపోయింది.

ఆ కొత్త టీకా కూడా ఒక ఆహారపు అలవాటు నుంచే పుట్టింది. జెన్నర్ నివసించిన గ్లాస్టర్‌షైర్ పాడికీ, చీజ్‌కూ పేరుపొందిన ప్రాంతం. అక్కడ ఆవుల పొదుగుల మీద వచ్చే పొక్కులు పాలు పితికేవారి చేతులకు అంటుకునేవి. అలా గోమశూచి సోకినవారికి మశూచి రాదని పాడి కుటుంబాలకు అనుభవం మీద తెలుసు. డోర్సెట్ రైతు బెంజమిన్ జెస్టీ 1774లోనే ఆ నమ్మకంతో తన భార్యాపిల్లలకు గోమశూచి అంటించాడు. సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కు నుంచి తీసిన రసంతో ఫిప్స్ చేతికి టీకా వేసి, తర్వాత అతడికి మశూచి అంటదని పరీక్షించి, ఆ ఫలితాలను 1798లో ప్రకటించడం జెన్నర్ ఘనత. పాలు, చీజ్ ఆహారంలో ప్రధానమైన సమాజంలో కాక మరెక్కడైనా ఈ సంగతి అంత మంది కంట పడేది కాదు.

గోమశూచి రసం వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ళ అన్నా డస్ట్‌హాల్‌కు వేసిన టీకా భారతదేశంలో ఫలించిన మొదటి గోమశూచి టీకాగా ప్రసిద్ధి. అది పాత టీకా కంటే ఎంతో సురక్షితమైనదైనా జనం వెంటనే ఆదరించలేదు. ఒక బిడ్డ చేతి నుంచి మరో బిడ్డ చేతికి రసం ఎక్కించడంలో కులాల అంటు గురించి వచ్చిన అభ్యంతరం, ఆవు శరీరంలోని రసమన్న జంకు, ప్రభుత్వపు ఉద్దేశం మీద అనుమానం అందుకు కొన్ని కారణాలు. వీటితో సమానమైన మరొక కారణం, కొత్త టీకా వెంట పూజ గాని పథ్యం గాని లేకపోవడం. టీకాదారు నెల ముందే ఇంటిని సిద్ధం చేసేవాడు, ఏమి వండాలో తల్లికి చెప్పేవాడు. ప్రభుత్వ టీకా ఉద్యోగి గాటు పెట్టి వెళ్ళిపోయేవాడు.

మశూచిని అమ్మవారి రూపంగా కొలిచే పూజల్లోనూ ఆహారానికి చోటుంది. ఉత్తరాదిన శీతలాదేవికి అష్టమి నాడు పొయ్యి వెలిగించకుండా ముందునాటి చద్దిని నివేదించే ఆచారం, తమిళదేశంలో ఆడి మాసంలో మారియమ్మన్‌కు అంబలి పోసే ఆచారం, తెలుగునాట పోచమ్మకు పెరుగన్నం, బోనం సమర్పించే ఆచారం ఈ వ్యాధి చుట్టూ అల్లుకున్న వంటింటి సంస్కృతికి గుర్తులు. అమ్మవారు పోసిన ఇంట్లో పోపు పెట్టకపోవడం, వేపుళ్ళు మానడం, రోగికి మజ్జిగ, చలవ పదార్థాలు ఇవ్వడం, వేపాకులు పరచడం తెలుగువారికి బాగా తెలిసిన నియమాలు. మశూచి పోయాక ఆటలమ్మ విషయంలో అవి నేటికీ చాలా ఇళ్ళలో సాగుతున్నాయి. బెంగాల్ టీకాదారు వద్దన్న పాడిని తెలుగు ఇల్లు మజ్జిగ రూపంలో చలవగా ఎంచడం, సూత్రం ఒకటైనా పట్టిక ప్రాంతాన్ని బట్టి మారుతుందనడానికి మరో నిదర్శనం.

పాత టీకా వేసుకున్న మనిషి నుంచి ఇతరులకు నిజమైన మశూచి సోకే ప్రమాదం ఉండడంతో ప్రభుత్వం 1865లో కలకత్తా, దాని పరిసరాల్లో దాన్ని చట్టరీత్యా నిషేధించింది; 1880 నాటి టీకా చట్టం పురపాలక ప్రాంతాల్లో గోమశూచి టీకాను నిర్బంధం చేయడానికి వీలు కల్పించింది. దూడల నుంచి రసం తీయడం మొదలయ్యాక చేతి నుంచి చేతికి ఎక్కించే పద్ధతి, దానితో వచ్చిన అంటు అభ్యంతరం క్రమంగా తగ్గాయి. మద్రాసు రాష్ట్రంలో ఆ రసం తయారీకి గిండీలోని కింగ్ సంస్థ ముఖ్య కేంద్రమైంది. కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు కూడా అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే. బెంగాల్‌లో మాత్రం చట్టంతో పాటు మరొక మార్గాన్నీ అనుసరించారు. పాత టీకాదార్లలో అనేకులకు కొత్త పద్ధతి నేర్పి, వారినే గోమశూచి టీకా వేసే ఉద్యోగులుగా నియమించుకున్నారు. ఊరివారికి ముఖపరిచయమున్న, ఏ ఇంట ఏ నియమం నడుస్తుందో ఎరిగిన ఆ మనుషులు వచ్చినప్పుడు, కొత్త వారికి తెరవని తలుపులు తెరుచుకున్నాయి.