మేనిచాయ – వలువ వన్నె

నెల్లూరు మండలమున సముద్రమునకు చేరువనున్న అల్లూరు వంటి యూళ్లలో పెండ్లిబట్టలు కొనునప్పుడు నేటికిని ఒక మాట వినబడుచుండును: "పిల్ల నలుపు గదా, దీనికి పసుపుపచ్చ చీర యెందుకు?" అన్నది తల్లియో మేనత్తయో అయియుండును. వినిన బాలిక తల వంచుకొనును. ఈ మాటలో సత్య మెంత గలదో చరిత్రను బట్టి విచారింతము.

నల్లనివాడైన శ్రీకృష్ణునకు మన పూర్వులు కట్టిన వలువ యేది? పీతాంబరము. తెల్లనివాడైన బలరామునకో, నీలాంబరము. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయను బట్టియే కలిగెను. ఆ నలుపు ఆమె సౌందర్యమునకు కొఱత కాలేదు. నల్లని మేనిపై పచ్చని వస్త్ర మెంత శోభించునో మన పురాణకర్త లెఱుగుదురు. దేవునికి తగిన రంగు మన యింటి బిడ్డకు తగకపోవుటెట్లు?

దీని కారణమును ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ విశదీకరించెను. ఆయన 1824లో పారిసు నగరమందలి గోబెలిన్ నేతశాలలో అద్దకపుపనికి అధికారి యయ్యెను. అచ్చటి నల్లని దారమునకు నిగ్గు చాలదని కొందఱు ఫిర్యాదు చేయగా, దోషము దారమున లేదనియు, ప్రక్కనున్న రంగుల వలన అట్లు కనబడుచున్నదనియు ఆయన కనిపెట్టెను. ప్రక్కప్రక్కనున్న రంగులు ఒకదాని నొకటి మార్చి చూపునని 1839లో గ్రంథము ప్రకటించి, లేత ఆకుపచ్చ వస్త్రము పాలిపోయిన తెల్లని మొగమునకు ఎఱ్ఱదనము నిచ్చునని యందు వ్రాసెను. కాబట్టి ఏ రంగును తనంత తాను మంచిది కాదు, చెడ్డది కాదు. పొరుగును బట్టి రాణించును.

పూర్వము రంగుల నెన్నుకొను నవకాశమే స్వల్పము. తీరపు టిసుకనేలలలో దొరకు చిరివేరు పటికతో గలిసి యెఱుపు నిచ్చెడిది. నీలిమొక్క నీలము నిచ్చెడిది. నెల్లూరు మండలమున 19వ శతాబ్దమున నీలిపంట యుండెను. 1856లో ఆంగ్లేయ యువకుడు పెర్కిన్ కృత్రిమముగా ఊదారంగును చేసెను. 1897లో జర్మనులు కృత్రిమ నీలిమందును విపణికి దెచ్చిరి. మన నీలిపంట క్షీణించెను. కాని నానావిధములగు రంగులు పేదయింటికిని చౌకగా చేరెను.

ఆ 1856వ సంవత్సరముననే వితంతు పునర్వివాహ శాసన మమలులోనికి వచ్చెను. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. రంగులు చౌకయైన ఆ కాలముననే పలుకుటుంబములలో వితంతువునకు రంగుచీర నిషిద్ధమై యుండెను. ఆమెకు ఏది నప్పునని యడిగినవారు లేరు. నల్లపిల్లకు పసుపు వలదనుటయు, వితంతువునకు ఏ రంగును వలదనుటయు ఒక్క తెగకు జెందిన మాటలే. రెంటను కన్ను చూచి చెప్పిన తీర్పు లేదు. లోకమునకు వెఱచి చెప్పిన తీర్పు గలదు.

సోదరీమణులారా! చీర కొనునప్పుడు దానిని పగటివెలుతురున మొగము క్రింద పట్టి అద్దమున చూడుడు. మొగము వెలుగుచున్నచో అది మీ రంగే. దుకాణమున తల వంచుకొన్న ఆ బాలికచేతి కొక అద్దము నిండు. ఆ పచ్చని చీరను ఆమె భుజముపై వేసి, ఏమి తోచినదో ముందుగా ఆమెనే అడుగుడు.