ద్రుపదుని విల్లు, మోచేతి బొంతముక్క



తెలుగు పండితునికి తుపాకులతో పనియేమని మీరు అడుగకముందే చెప్పుకొంటాను. ఉద్యోగకాలంలో కొన్నేళ్లు ఎన్.సి.సి. పిల్లల వెంట ఫైరింగుకు తోడు వెళ్లే పని నా నెత్తిన పడింది. అందరూ మా మెదక్ చుట్టుపట్ల పల్లెల పిల్లలు. అందరికీ ఒకే రకం పాయింట్ టూటూ రైఫిలు. బోర్లా పడుకొని కాగితపు గురిని కొట్టాలి. ఒక ఏడు ఒక పిల్లవాడు చొక్కా మోచేతి దగ్గర పాత బొంతముక్క కుట్టించుకొని వచ్చాడు. హవల్దారు చూచి ఊడదీయించాడు. "రాళ్లు గుచ్చుకుంటున్నయి సార్" అని వాడు నా వంక చూచాడు. "ఇవాళ బొంత, రేపు దిండు" అన్నాడు హవల్దారు. ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. నేను నోరు మెదపలేదు.

ఆనాటి నా మౌనమే, పదవీ విరమణ తరువాత, ఈ నియమాల చరిత్ర వైపు నన్ను నడిపించింది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీ జరిగింది. ఇరవైయైదు మీటర్ల దూరాన ఐదు గురులు. వాటిని ఒక్కొక్క తూటాతో వరుసగా కొట్టాలి. గడువు మొదట ఎనిమిది సెకండ్లు, పిమ్మట ఆరు, చివరకు నాలుగే. తూటా పేలినప్పుడు పిస్టలు వెనుకకు తన్నుతుంది. గొట్టం పిడికిలికి పైన ఉంటుంది గనుక ఆ తన్నుకు మొన పైకి లేస్తుంది. లేచిన మొనను మరల దించి పక్క గురికి తిప్పడమే ఈ విద్యలోని కష్టమంతా. సోవియట్ షూటర్లు తెచ్చిన ఎం.టి.ఎస్.-3 అనే పిస్టలు తలక్రిందులైన వస్తువు వలె ఉండేది. దాని గొట్టం పైన గాక కిందికి, చేతి మట్టానికి దిగి ఉండేది. అందువలన తన్ను సూటిగా చేతిలోనికే పోయి, మొన అంతగా లేవదు. ఆ పోటీలో స్వర్ణం రుమేనియా షూటర్ పెట్రెస్కుకు, రజతం సోవియట్ షూటర్ చెర్కాసోవ్‌కు దక్కాయి.

అది మోసమా? కాదు. నాటి నియమాలలో దానిని వారించే వాక్యమే లేదు. ఆ వాక్యం తరువాత వచ్చింది: గొట్టపు నడిగీత బొటనవేలికీ చూపుడువేలికీ నడిమి సందుకు పైగానే పోవాలని. ఒక వాక్యంతో ఆ తుపాకి పోటీలనుండి తప్పుకొంది. పాణిని సూత్రంలా ఎంత పొదుపైన వాక్యమో చూడండి! తన్నును చేయి జయించాలి గాని పనిముట్టు కాదన్న ఉద్దేశం అందులో ఎక్కడా వ్రాసి లేదు. కొలత మాత్రమే ఉంది. అయినను నాకది న్యాయంగానే తోస్తుంది.

2005లో వచ్చిన మార్పు దగ్గర మాత్రం తటపటాయిస్తాను. అంతకు ముందు ర్యాపిడ్ ఫైరులో పొట్టి తూటా, అతి తేలికైన ట్రిగ్గరు చెల్లేవి. ఆ ఏటినుండి పొడుగు తూటా, కనీసం 1000 గ్రాముల ట్రిగ్గరు బరువు తప్పనిసరి అయ్యాయి. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పిస్టళ్లు ఒక్కనాటితో పెట్టెల పాలైనాయి. అట్టివారి ఉసురు ఎవరికి తగలాలి? కాని దీనికి రెండవ పక్షమూ ఉంది. ఇప్పుడు ఒకే రకం పిస్టలుతో పలు పోటీలలో పాల్గొనవచ్చు. మనవంటి దేశంలో అది చిన్న మేలు కాదు. 2012 లండన్‌లో విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైరు రజతం గెలిచింది ఈ కొత్త నియమాల కిందనే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఇరవైయైదు మీటర్ల పిస్టలు రజతం, జట్టు స్వర్ణం తెచ్చిందీ 1000 గ్రాముల ట్రిగ్గరుతోనే.

పిస్టలు వారి మీద కట్టడి కఠినం. తుపాకి పట్టిన చేతికి గడియారం కూడదు. బూటు చీలమండ ఎముకను కప్పరాదు. రైఫిలు వారికి మాత్రం బిరుసైన కోటు అనుమతించారు. (జాకెట్టు అందామంటే తెలుగులో రవికె గుర్తుకు వస్తుంది!) అయిదున్నర కిలోల దాకా బరువుండే తుపాకిని నడుము వంచి గంటకు పైగా మోయాలి గదా, వెన్నెముక దెబ్బతినకూడదని ఆ దయ. అయితే వెన్నును కాచే బిరుసే గురినీ నిలుపుతుంది. రెంటినీ విడదీయలేక, బట్ట మందం 2.5 మిల్లీమీటర్లు దాటరాదన్నారు; బిగువును కొలిచే యంత్రం కూడా పెట్టారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో గాలి రైఫిలు కంచు పతకం గెలిచిన నాడు మొదటి ముగ్గురి లెక్కలు 702.1, 701.5, 701.1. ఇంత సన్నని తేడాల నడుమ బట్ట బిరుసు చిన్న సంగతి ఎట్లా అవుతుంది? వాడుకలో చెమటకు కోటు మెత్తబడుతుంది. కొత్తది కొనగలవాడు హద్దు అంచున నిలుస్తాడు. కొనలేనివాడు దానికి చాలా లోపల ఉండిపోతాడు. నియమం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఇక్కడ నాకు ద్రుపదుడు గుర్తుకు వస్తాడు. స్వయంవరానికి వచ్చిన రాజులందరికీ ఒకే విల్లు, ఐదు బాణాలు, ఆకాశయంత్రం మీద ఒకే గురి. అంతకంటె సమానమైన పనిముట్ల నియమం ఏ పురాణంలోనూ కనబడదు. కాని కూతురిని అర్జునునికే ఇవ్వాలని మనసులో దాచుకొని, ఇతరులు వంచలేనంత బిరుసుగా ఆ వింటిని చేయించాడని ఆదిపర్వమే చెబుతుంది. అందరికీ సమానమైన ఆ విల్లు ఒక్కని కోసమే పుట్టింది. నేటి నియమకర్తలకు అట్టి దురుద్దేశం అంటగట్టను. అయినా ఏ కొలత చదివినా, ఇది ఎవరి చేతిని తలచుకొని వ్రాసిందోనని ఒకమారు శంకించడం నాకు అలవాటైంది.

అన్నట్లు, ఐ.ఎస్.ఎస్.ఎఫ్. పుస్తకంలో రైఫిలు కోటు మోచేతి దగ్గర అదనపు అతుకుకు అనుమతి ఉంది. కోటు బట్టతో కలిపి పది మిల్లీమీటర్ల మందం దాకా. నా కళ్లద్దాలు తుడుచుకొని ఆ వాక్యం రెండుమార్లు చదివాను.

బొంతముక్క ఊడదీసిన తరువాత ఆ పిల్లవాడు చొక్కా చేతిని నాలుగు మడతలు పెట్టి మోచేతి కిందికి లాక్కొని, మిగిలిన తూటాలు కాల్చాడు. హవల్దారు చూడనే చూచాడు. ఏమీ అనలేదు.