పొలిమేరలో నలువది దినములు

అడ్రియాటిక్ తీరమున, నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పట్టణపు తూర్పుద్వారమునకు వెలుపల, ప్లోచె అనుచోట సముద్రపుటంచున పది రాతిశాలలు వరుసగా నిలిచియున్నవి. 17వ శతాబ్దమున కట్టిన యీ లాజరెట్టులకడ, ఉన్నియు తోళ్లును మైనమును గుఱ్ఱములపై మోయించుకొని, ఒట్టోమాన్ రాజ్యపు కొండదారులు దిగివచ్చిన బిడారులు, నగరద్వారము కంటికెదురుగనే యున్నను లోనికిఁ బోక, తమలో ఎవరికిని మహామారి లేదని కాలమే సాక్ష్యము చెప్పువఱకు ఆగవలసియుండెను.

ఆ నగరమునకు నాఁడు రగూసా యని పేరు. తెగులు సోకిన దేశములనుండి వచ్చువారు మ్ర్కాన్ ద్వీపమునందో, త్సవ్తాత్ అను ఊరియందో ముప్పది దినములు గడపినఁగాని నగరప్రవేశము లేదని 1377లో అచటి సభవారు శాసించిరి. 1423లో వెనిస్ నగరము ఒక ద్వీపమునందు రోగులకై లాజరెట్టును నెలకొల్పెను. కాలక్రమమున ముప్పది నలువదియై, ఇటాలియను భాషలో నలువదికిఁ బేరైన ‘క్వరాంతా’నుండి నేఁటి క్వారంటైన్ పుట్టెను. ఆ మాటకు మన చత్వారింశత్తుతో దూరపు చుట్టరికము కలదు. వైద్యుఁడు మందిచ్చి మండలముపాటు పథ్యముండుమనుట యెఱిఁగిన తెలుగువారికి ఆ సంఖ్య క్రొత్తది గాదు.

18వ శతాబ్దమున హాబ్స్‌బర్గు ప్రభువులు ఒట్టోమాన్ సరిహద్దుపొడవునను సైనికులను కావలియుంచి, 1770నాఁటి కట్టడచేత, మామూలు దినములలో 21, అనుమానము కలిగినపుడు 42, తెగులు ప్రబలినపుడు 84 దినములు ప్రయాణికులను నిలుపుచుండిరి. ఉత్తరములకు పొగపట్టించి, దూదిబేళ్లు విప్పి గాలికాఱవేసి, పిమ్మట లోనికి విడుచుచుండిరి. ఈ కావలి 1871లో ఎత్తివేయఁబడెను.

ఇంత పాతకథ గల పొలిమేరను మఱపించినది షెంగెన్. 1985 జూన్ 14న, లక్సెంబర్గులోని ఆ చిన్న ఊరి సమీపమున మోసెల్ నదిలో నిలిచిన ఓడపై అయిదు దేశములవారు తమ నడిమి సరిహద్దు తనిఖీలను తొలఁగింప ఒడంబడిక వ్రాసికొనిరి; 1995 మార్చి 26న అది అమలునకు వచ్చెను. అటుతరువాత పెరిగినవారికి సరిహద్దనఁగా, నక్షత్రవలయము నడుమ దేశనామము వ్రాసిన నీలిఫలకము కారు అద్దమునుండి క్షణముసేపు కనఁబడి వెనుకకుఁ బోవుటయే. పొలిమేర పోయినదని వారు నమ్మిరి. అది పోలేదు, నిద్రించుచుండెను.

2020 మార్చి 11న, కోవిడ్ భయమున, ఇటలీనుండి బ్రెన్నర్ కనుమ దాఁటివచ్చువారు నాలుగుదినములలోపు పొందిన వైద్యపత్రము చూపవలెనని ఆస్ట్రియా నిర్ణయించెను. పూర్వము ఇటలీ నగరములవారు బాటసారుల కిచ్చిన ‘ఫెదె ది సనితా’ అను ఆరోగ్యపత్రమే అయిదువందల యేండ్లకు మరల చేతికి వచ్చినట్లయినది. పత్రము లేనివాఁడు జర్మనీకిఁ బోఁదలఁచినచో, బ్రెన్నర్‌నుండి జర్మను సరిహద్దునందలి కూఫ్‌స్టైన్ వఱకు సుమారు 110 కిలోమీటర్లు ఎచటను ఆగక దాఁటిపోవచ్చునని నాఁటి నియమము. టాంకులో ఎంత పెట్రోలున్నదో చూచికొని, బిడ్డలకు ముందుగనే నీళ్లు త్రాగించి, ఒక దేశమును దాని నేలపై కాలు మోపకయే దాఁటిన కుటుంబములకు ఆ గంటకాలము మఱపు రాదు.

ఆ నెలలోనే పోలండు తన ద్వారములు మూసి తనిఖీలు పెట్టఁగా, జర్మనీలో గోర్లిట్స్ దగ్గఱ రహదారిపై దాదాపు 60 కిలోమీటర్ల పొడవున లారీలు, కార్లు నిలిచిపోయెను. రెడ్‌క్రాసువారును సైనికులును నీళ్లు, ఆహారము, కంబళ్లు పంచిరి. జర్మనీలోని కాన్‌స్టన్స్‌కును స్విట్జర్లండులోని క్రొయిట్స్‌లింగెన్‌కును నడుమ 2006లో పెఱికివేసిన కంచె మరల లేచెను. ఆవలివారును ఈవలివారును కంచె సందులనుండి చేతులు కలుపుకొనుచున్నారని, రెండుమీటర్ల యెడముతో మఱియొక కంచె కట్టిరి. మే నెలలోఁగాని అవి తొలఁగలేదు.

వ్యాధిభయమున ద్వారము మూయుటను నేను తప్పుపట్టను, రగూసావారును మూసిరి. కాని కాలక్రమమున వారు మనుష్యుని ఆపినచోటనే అతనికొక కప్పును కట్టిరి. 2020లో రాజ్యములు గేటు దింపుట యెఱిఁగినవి, గేటు ముందు నిలిచినవానికి నీడ చూపుట యెఱుఁగకపోయినవి; ఇది పెద్ద లోపము. దానిని పూరించినది దారిపొడవునఁ గల మనుష్యుల దయయే.

ఆ యేటి డిసెంబరు 20వ తేది రాత్రి, ఇంగ్లండులో క్రొత్తరకపు వైరసు కనఁబడినదని ఫ్రాన్సు అచటినుండి రాకను 48 గంటలు నిలిపివేయఁగా, క్రిస్మసుకు ఇండ్లు చేరఁదలఁచిన వేలకొలఁది లారీడ్రైవర్లు డోవర్ సమీపమున కెంట్ రహదారులపైనను, మాన్‌స్టన్ విమానాశ్రయపు మైదానమునందును క్యాబిన్లలోనే చలికి వణఁకుచు పడియుండిరి. గ్రేవ్‌సెండ్ గురుద్వారములోని సిక్కులు, ఖాల్సా ఎయిడ్ అను సేవాసంస్థవారితోఁ గలసి, లంగర్ అను ఉచితభోజనశాలలో పొయ్యి వెలిగించి, డిసెంబరు 22న వారికి 800 వేఁడిభోజనములు పంపిరి; అందు 500 శనగలకూర భోజనములు.