పశువుకు ఒక పక్కే వాపు వస్తే ఏమిటి కారణం?

ఉదయం పాకలోకి వెళ్లేసరికి ఆవుకో, గేదెకో, దూడకో ఒక పక్క వాపు కనిపిస్తే చాలామంది రైతులు దెబ్బ తగిలిందనుకుని పసుపు పూసి ఊరుకుంటారు, లేదా వాతలు పెట్టిస్తారు. దెబ్బ కూడా కారణం కావచ్చు. కానీ కొన్ని వాపుల్లో గంటల్లోనే పశువు ప్రాణం పోతుంది. కాబట్టి వాపు ఎక్కడ వచ్చిందో ముందుగా గమనించండి.

ఎడమ డొక్క ఉబ్బితే

ఇది కడుపు ఉబ్బరం. పశువు పెద్దపొట్ట ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి గ్యాస్ నిండితే ఆ డొక్కే ఉబ్బుతుంది. వేలితో కొడితే డప్పులా మోగుతుంది. లేత లూసర్న్, అలసంద వంటి తడి పచ్చిమేత ఎక్కువగా తిన్నా, గింజలు, మిగిలిన అన్నం మేసినా ఇలా జరుగుతుంది. మేత ఆపి, ముందుకాళ్లు ఎత్తుగా ఉండేలా నిలబెట్టండి. పచ్చిమేత వల్ల ఉబ్బితే పెద్ద పశువుకు 250 నుంచి 500 మి.లీ. వేరుశనగ నూనె కొద్దికొద్దిగా తాగించవచ్చు. పశువు పడుకున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువైద్యుడిని పిలవండి.

చూడి పశువుకు నెలలు నిండేకొద్దీ కుడి డొక్క కింది భాగం పెరగడం మామూలే.

తొడ లేదా జబ్బ వాస్తే

ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, బాగా పుష్టిగా ఉన్న పశువుకు ఒక్కసారిగా తీవ్ర జ్వరం వచ్చి, కాలు కుంటుతూ, ఒక తొడ లేదా జబ్బ వాస్తే అది జబ్బవాపు కావచ్చు. వాపు మొదట వేడిగా, నొప్పిగా ఉంటుంది. తర్వాత చల్లబడి, నొక్కితే కరకరమంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే పశువు చనిపోతుంది. తొలి గంటల్లో వైద్యం అందితేనే బతికే అవకాశం ఉంటుంది.

చనిపోయిన పశువు చర్మం ఒలవకండి, కోయకండి. ఈ సూక్ష్మజీవి నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఆరు నెలలు దాటిన పశువులన్నిటికీ ఏటా తొలకరికి ముందే టీకా వేయించాలి.

మిగతా చోట్ల వస్తే

• పొదుగులో ఒక భాగం గట్టిపడి, పాలలో ముక్కలు లేదా రక్తం కనిపిస్తే అది పొదుగువాపు. ఆ భాగాన్ని చివరగా పితికి, ఆ పాలను పారబోయండి. ఆలస్యమైతే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు.
• ముఖం లేదా ఒక కాలు వేగంగా వాస్తూ, గాటు నుంచి రక్తం కారుతుంటే పాము కాటు కావచ్చు. కట్టు బిగించడం, కోయడం చేయకుండా పశువును కదలనివ్వకుండా వైద్యుడిని రప్పించండి.
• దవడ ఎముకపై రాయిలాంటి గడ్డ నెమ్మదిగా పెరుగుతుంటే దవడ ఎముక రోగం కావచ్చు. మెత్తగా, వేడిగా ఉంటే చీము గడ్డ కావచ్చు.

ఏ వాపునైనా ఇంట్లో కోయకండి, వాతలు పెట్టకండి. వైద్యుడితో మాట్లాడేటప్పుడు వాపు ఎప్పుడు మొదలైందో, ఏ పక్కనో, జ్వరం ఉందో లేదో, ముందురోజు ఏం మేసిందో చెప్పండి. పశువును ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయండి.