నెత్తిన పువ్వు, లందలో పట్ట

గని కార్మికుల ఊరు సెంటినరీ కాలనీ పేరులోనే నూరేళ్ల బొగ్గు చరిత్ర ఉంది. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన సింగరేణి తవ్వకాల శతాబ్దికి గుర్తు ఆ పేరు. ఆ పక్కనే రామగిరి ఖిల్లా దిక్కు కంకర నేలల్లో పూసే తంగేడు కథ అంతకన్నా ఎంతో పాతది.

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మే కాదంటారు ఆడవాళ్లు. వదిన చేతిలో ప్రాణం పోయిన ఆడబిడ్డ పాతిపెట్టిన చోటే తంగేడై మొలిచిందనీ, వెతుక్కుంటూ వచ్చిన అన్నలకు ఆ పూలలోనే కనిపించిందనీ ఓ కథ. పసుపు గౌరమ్మకు, పచ్చని తంగేడు పువ్వుకు చుట్టరికం కలపడానికి రంగొక్కటే చాలు. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది.

ఆ పువ్వు పూసే కొమ్మకే పట్ట ఉంది. పట్ట నమిలితే నాలుక పిడచకడుతుంది. ఆ వగరే పచ్చితోలును కుళ్లనివ్వకుండా కాపాడింది. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకిన తోలును, దంచిన తంగేడు పట్ట నీళ్లలో రోజుల తరబడి ఊరేసేవారు మాదిగలు. ఆ తొట్టినే లంద అంటారు. చెప్పులైనా, కాడికి కట్టే తోలు పట్టీలైనా, మోట బొక్కెన అయినా లందలోంచే వచ్చేవి. మోట లేకపోతే బాయి కింద మడి తడిసేది కాదు, ఆ మడి వరి ఊరికి దక్కేది కాదు. అయినా లంద వాసన అంటూ ఆ పని చేసిన చేతులను ఊరు వెలివాడలోనే ఉంచింది. ఒకే చెట్టు పువ్వుకు పూజ, పట్టకు వెలి. రాష్ట్ర పుష్పం గురించి మాట్లాడే ఏ సభలోనైనా ఈ మాట కూడా చెప్పాలని నా కోరిక.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణాఫ్రికా వాటిల్ తుమ్మ పట్ట దిగుమతి పెరిగి, మద్రాసు తోళ్ల కార్ఖానాల్లో తంగేడుకు గిరాకీ పడిపోయింది. తర్వాత రసాయనాలు వచ్చాయి. కరెంటు మోటార్లు రాగానే మోటలూ మూలపడ్డాయి.

తంగేడును రొట్టగా పొలంలో తొక్కినా, చలువకని ఆకులు తలపాగాలో పెట్టుకున్నా, పుల్లతో పళ్లు తోముకున్నా అది రైతు చెట్టే. శ్రీలంకలో దాని ఆకుతో టీ కాచుకుంటారు, మాతర టీ అని పేరు. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి బీడులో నిలిచింది.

సెంటినరీ కాలనీ దిక్కు బాయి అంటే ఇప్పుడు బొగ్గుబాయి. ఓపెన్‌కాస్టు కోసం పైమట్టి ఎత్తిపోసినప్పుడు దాంతోపాటే తంగేడు వేర్లూ లేచిపోతాయి. అక్కడ మిగిలేవి మట్టి దిబ్బలు. బొగ్గుకు ఇన్ని టన్నులని లెక్క రాసే చోట, పోయిన తంగేడు పొదకు ఒక వరుసైనా ఉండాలి.